పప్పు ఉడికిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పప్పు ఉడకడం ఒక వార్త. ఎవరింట్లోనైనా కందిపప్పు మెత్తబడిందంటే ఆ సంగతి మూడు వీధులు దాటి పోయేది. కారణం మా బావి నీళ్ళు. బెళుగుప్పకు అవతల, ఎండకు రాళ్ళు కూడా నీడ వెతుక్కునే ఒక చిన్న ఊరు మాది. ఊరికంతా ఉన్నది ఒక్క బావి. అందులో నీళ్ళు ఎంత చవుడంటే, ఒక కాకి ఒకసారి ముక్కు పెట్టి చూసి, ఇక ఈ జన్మలో మా ఊరి మీదుగా ఎగరకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ నీళ్ళతో పొద్దున్నే ఎసట్లో పప్పు వేస్తే, సూర్యుడు నడినెత్తికి వచ్చినా పలుకు పలుకుగానే ఉండేది. మా అమ్మ కాపురానికి వచ్చిన నాడు పొయ్యి మీద పెట్టిన పప్పును నేను పుట్టాక దించారని మా నాయన అనేవాడు. ఇందులో కొంచెం అతిశయోక్తి ఉందని ఒప్పుకుంటాను. నేను పుట్టకముందే దించారు.

మా జేజికి మాత్రం ఆ నీళ్ళంటే ప్రాణం. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. పన్నెండేళ్ళ వయసులో పెళ్ళికూతురుగా ఆ ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చింది, మళ్ళీ ఆ పొలిమేర దాటి బయటికి పోలేదు. పుట్టింటికైనా పోలేదా అని అడిగితే, "నేను పోతే ఈ బాయి నీళ్ళు ఎవురు తాగుతారే?" అనేది. అదీ నిజమే, పోటీకి ఎవరూ లేరు. నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె కొంగు కొస నా పిడికిట్లో లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన భాగోతమంతా నా వరకు ఆ కొంగు కొస కోసమే.

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడు, వరసగా మూడోసారి వానలు మొహం చాటేశాయి. బావి అడుగంటింది. అదే ఏడు మా నాయనకు బదిలీ అయింది. ఆయన బడిపంతులు, మా పక్క మాటలో అయివారు. విడపనకల్లుకు దగ్గర్లో ఒక నల్లరేగడి ఊరికి వేశారు. అక్కడి బావుల్లో ఇంకా నీళ్ళున్నాయని, ముందు ముందు తుంగభద్ర కాలువ కూడా వస్తుందని చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ ఆ మాట విన్న రోజంతా నవ్వుతూనే ఉంది, నిద్రలో కూడా నవ్విందని నాయన సాక్ష్యం. జేజి మాత్రం వసారా గుంజను కరుచుకుని కూర్చుంది.

"మీరు పోండప్పా. నేనీడనే ఉంటా."

"ఈడుండి ఏం తాగుతావమ్మా?" అన్నాడు నాయన.

"ఊరినప్పుడు తాగుతా."

"ఊరకపోతే?"

"అప్పుడు సూస్తాం లే."

ఇట్లా నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఆమె ఒక షరతు మీద గుంజను వదిలింది. ఆమె పుట్టింటివాళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి పోయే ఆడమనిషి, కొత్త పెళ్ళికూతురైనా సరే ముసలమ్మైనా సరే, తాను వదిలిన ఇంటి బావి నీళ్ళు ఒక బిందెడు వెంట తీసుకుపోవాలి. కొత్త పొయ్యి మీద మొదటి వంట ఆ నీళ్ళతోనే వండాలి. అప్పుడే ఆ పొయ్యి మనల్ని తన మనుషులుగా ఒప్పుకుంటుందట. అందుకని మూడు రోజుల పాటు చెంబు చెంబుగా ఊరిన నీళ్ళు తెచ్చి ఇత్తడి బిందె నింపింది. పాత ఎర్ర చీర ముక్కతో దాని మూతి బిగించి కట్టింది. కట్టి, మా అందరినీ నిలబెట్టి చెప్పింది:

"ఈ నీళ్ళు ఆడికి చేరితేనే నేను చేరేది. దావలో దీనికేమన్నా అయిందంటే, బండి ఎట్లా ఉత్తదే ఎనక్కి వస్తాది గదా, దాంట్లోనే ఎక్కి వచ్చేస్తా."

మా జేజి ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. ఒకసారి పక్కింటామెతో "నీతో పలకను" అని, పదకొండేళ్ళు పలకలేదు. ఆ పదకొండేళ్ళూ వాళ్ళిద్దరూ రోజూ ఒకే తిరగలి చెరో వైపు పట్టుకుని విసిరేవాళ్ళు. అట్లాంటి మనిషి ఎండిపోయిన ఊరికి ఒంటరిగా తిరిగిపోతే ఏమవుతుందో ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఊరినప్పుడు తాగుతుంది. ఊరకపోతే తాగదు.

మా ఊరి కొసన సాయిబుల ఇండ్లలో ఒక తాత ఉండేవాడు. ఊరందరికీ ఆయన బండి తాత. గడ్డం ఎంత ఒత్తుగా ఉండేదంటే, అందులో పోయిన బీడీ ఒకటి పండగనాడు దొరికిందని చెప్పేవాళ్ళు. ఆయన ఎద్దుల పేర్లు కలెక్టరు, తాసిల్దారు. తాసిల్దారు అడుగు వేసేదాకా కలెక్టరు కదిలేది కాదు. బండి నిండా మా సంసారం ఎక్కించాం: రెండు రేకు పెట్టెలు, రోలు, నాయన నల్లబల్ల, అన్నిటి మీద తలకిందులుగా నులకమంచం. ఆ మంచం నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి వానదేవుణ్ణి బతిమాలుతున్నట్టు ఉండేది. మంచం కింద దొరికిన సందులో బిందె, బిందెను రెండు చేతులా కౌగిలించుకుని నేను. అదే నా ఉద్యోగం. మా నాయన ఉద్యోగం కంటే పెద్దదని జేజే చెప్పింది. ఆమె నా పక్కనే, వెనకటి ఊరి వైపు మొహం పెట్టి కూర్చుంది. ముందు ఏం వస్తుందో ఆమెకు అక్కర్లేదు.

ఎండెక్కేసరికి ఒక ఎగుడు దోవ వచ్చింది. ఎద్దులకు బరువు తగ్గాలని పెద్దవాళ్ళు ముగ్గురూ దిగి బండి వెనక నడుస్తున్నారు. పొద్దుటి నుంచి నేను అమ్మ వేయించి ఇచ్చిన ఉప్పు చెనక్కాయలు తింటున్నాను, ఒక ఎకరం పంట అయిపోయి ఉంటుంది. నాలుక చెప్పు అట్టలాగా అయింది. తాగే నీళ్ళ కూజా వెనక అమ్మ చంకలో ఉంది. అప్పటికే ఆరుసార్లు అడిగి తాగాను, ఏడోసారి అడిగితే వీపు మోగుతుందని అమ్మ స్పష్టంగా చెప్పింది. చేతుల్లో చూస్తే నిండు బిందె. లోపల నీళ్ళు బండి కుదుపుకు గలగలమని నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయి. ఒక్క దోసెడు. దోసెడు పోతే బిందెకు తెలుస్తుందా అనుకున్నాను. ఎర్ర గుడ్డ ముడి విప్పాను. దోసిలి ముంచాను. సరిగ్గా అప్పుడే చక్రం ఒక రాయి ఎక్కింది.

బిందె నా ఒళ్ళోకి వాలింది. నీళ్ళు నా పావడాలోకి, పావడాలోంచి తడికలోకి, తడికలోంచి దోవ మీదికి పోయాయి. మూడేళ్ళుగా నోరు తెరుచుకుని ఉన్న నేల, ఒక్క గుటకలో తాగేసి ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

బండి తాత వెనక్కి తిరిగాడు. బిందెను చూశాడు, వెనక నడిచి వస్తున్న జేజిని చూశాడు, నన్ను చూశాడు. జేజి పెట్టిన షరతు ఆయన కూడా విన్నవాడే.

"ఎంత మిగిలింది పాపా?" అన్నాడు గడ్డం కదలకుండా.

చెయ్యి ముంచి చూపించాను. మణికట్టు దాకా తడిసింది.

"ఏడవాకు. నీ కండ్లనీళ్ళు గూడా మీ బాయి నీళ్ళ మాదిరి ఉప్పగానే ఉంటాయి గానీ, బిందెడు ఏడవాలంటే నీ చేత కాదు."

వెనక నుంచి జేజి గొంతు వినపడింది. "ఏమప్పా, దావెంబడి ఈ తడి ఏంది?"

"కలెక్టరు పోసినాడక్కా!"

"ఇంత పోసినాడా?"

"పొద్దున్నించి ఆపుకున్నాడు పాపం."

కలెక్టరు ఈ నిందను తల వంచుకుని భరించింది. ఎండ మూడు నిమిషాల్లో నా పావడా ఆరబెట్టింది, నాలుగో నిమిషంలో ఇస్త్రీ కూడా చేసింది. నేను ఎర్ర గుడ్డ మళ్ళీ కట్టేశాను.

అప్పటిదాకా ఆ తాత నోరు విప్పింది ఎద్దులను తిట్టడానికే. ఆ క్షణం నుంచి ఆయనకు అనంతపురం జిల్లా అంతా చూసి తీరవలసిన చోటైపోయింది. ఆయన లెక్క నాకు అర్థమైంది. పెద్దవాళ్ళను దింపి ఏదో ఒక వింత వైపు తిప్పి నిలబెట్టాలి. ఈ లోపల ఎద్దులకు నీళ్ళు చూసొస్తామని బొక్కెన పట్టుకుని ఆయనా నేనూ బావి వెతకాలి.

మొదటి వింత, దోవ పక్కనున్న ఒక పెద్ద రాతి గుండు. మా జిల్లాలో గుండ్లకు కరువు లేదు, అవి తప్ప వేరే పంట లేదు. బండి ఆపి, "దిగండి దిగండి, ఇది సూడకుండా పోయినోళ్ళు లేరు. ఏనుగప్పా ఇది!" అన్నాడు.

మా నాయన కండ్లజోడు సవరించుకున్నాడు. "ఏనుగేంది తాతా, రాయి గదా అది?"

"రాయే అయివారూ. నిలబడి నిలబడి రాయైపాయ. బదిలీ కాకుంటే మీరూ అట్లే అయ్యేటోళ్ళు."

జేజి దిగింది. కొంగు నెత్తిన కప్పుకుని ఆ గుండు చుట్టూ నిదానంగా ప్రదక్షిణం చేసింది. "ఇదిగో కన్ను," అంది ఒక గుంత మీద వేలు పెట్టి. కాసేపటికి తొండం కూడా ఆమే కనిపెట్టింది. ఆ లోపల మేమిద్దరం గుండు వెనక ఉన్న బావికి పరుగెత్తాం. తొంగి చూస్తే ఒక పాము కుబుసం కనపడింది. పాము దాన్ని అక్కడ వదిలేసి నీళ్ళున్న ఊరికి బదిలీ మీద వెళ్ళిపోయినట్టుంది.

రెండో వింత సాయంత్రం వచ్చింది. దూరాన ఉరవకొండ, పడగ విప్పిన పాములాగా. ఇది మాత్రం తాత కల్పన కాదు, ఆ కొండ నిజంగానే అట్లా ఉంటుంది. కానీ నిజాన్ని ఆయన నిజంగా వదిలేస్తాడా? అది రోజుకో గింజంత పైకి లేస్తుందని, పూర్తిగా లేచిన నాడు వానలు పడతాయని చెప్పాడు. జేజి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత పామును ఊరి పక్కన పెట్టుకుని, నాకు ఒక్కరన్నా చెప్పలేదేందిరా!" అని మా నాయనను కోప్పడింది. ఆయనే ఆ సంగతి దాచిపెట్టినట్టు. మేమిద్దరం బొక్కెన పట్టుకుని చెరువులోకి దిగాం. అక్కడ పిల్లలు బిళ్ళంగోడు ఆడుతున్నారు, చెరువు మధ్యలో. మమ్మల్ని చూసి, ఆటకు అడ్డం రావద్దని అరిచారు.

ఆ రాత్రి సత్రంలో జేజి బిందె మీద చెయ్యి వేసుకుని పడుకుంది. కాబట్టి దాని దగ్గరికి పోయే దారి లేదు. బిందెను బండి దించి ఎక్కించే పని మాత్రం తాత ఎవరికీ ఇవ్వలేదు. "నువ్వు ఎత్తాకు అక్కా, నడుము పట్టుకుంటాది" అంటూ, ముప్పావు ఖాళీ బిందెను కొండను ఎత్తినట్టు మూలుగుతూ ఎత్తేవాడు. ఆ మూలుగు విని సత్రంలో ఎవరో లేచి వచ్చి సాయం పట్టబోయారు. నేను జేజి కొంగు కొస పిడికిట్లో పట్టుకుని కండ్లు మూసుకున్నాను. ఎల్లుండి ఈ కొంగు ఏ బండిలో ఉంటుందో అనుకుంటూ.

రెండో రోజు ఎండ ముదిరాక ఒక మిట్ట ఎక్కాం. అవతల నల్లరేగడి నేల పరుచుకుని ఉంది, ఎక్కడా చెట్టు లేదు. దూరాన నేల ఆకాశం కలిసే చోట తెల్లగా, తళతళమని కదులుతోంది.

"అక్కా, దిగు!" అన్నాడు తాత, గొంతు మార్చి. "సముద్రం."

మా నాయన నోరు తెరిచాడు. ఎండమావుల గురించి ఆయన దగ్గర ఒక పాఠం సిద్ధంగా ఉంటుంది, నల్లబల్ల కూడా చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "మీరు రోంత ఊరికే ఉండండి" అంది. జేజి మిట్ట అంచుకు పోయి నిలబడింది. ఆ తెల్లటి కదలికను కండ్లార్పకుండా చూసింది. "అన్ని నీళ్ళే!" అంది. మేము పోయి వచ్చేదాకా అట్లాగే నిలబడి ఉంది.

మిట్ట కింద రెండు బావులున్నాయి. ఒకదాని దగ్గర ఒక అక్క ఒంటరిగా కూర్చుని, నీళ్ళు ఊరేదాకా ఆగి ఆగి చేదుకుంటోంది. పక్కన ఆమె కుండ అప్పటికి నిండింది. తెల్లవారక ముందే వచ్చి కూర్చుందట. ఎద్దులకు రెండు బొక్కెనలు కావాలని తాత మొదలుపెట్టాడు. అబద్ధం ఆడటానికి నాకు ఇక ఓపిక లేకపోయింది. గట్టిగా ఏడుస్తూ బిందె సంగతి, జేజి సంగతి, బండి రేపు వెనక్కి పోయే సంగతి మొత్తం చెప్పేశాను. ఆ అక్క నా ముక్కు తన కొంగుతో తుడిచింది.

"దీనికా ఏడుస్తాండావు? దా."

తాత రెండో బావి చూపించి, "అందులో చేదుకుంటాం లేమ్మా, నీయి ఎందుకు" అన్నాడు.

"అవి చవుడు నీళ్ళు తాతా. బ్యాళ్ళు గూడా ఉడకవు. పసిబిడ్డ ఏడ్చి అడిగితే చవుడు నీళ్ళు ఇచ్చి పంపీల్లా? ఇవి తీసుకుపోండి. తేనె మాదిరి ఉంటాయి."

తన కుండ ఎత్తి మా బొక్కెనలోకి వంచేసింది. పొద్దుటి నుంచి ఆమె కూర్చున్న కూర్చోవడమంతా మా బొక్కెనలోకి వచ్చింది. ఖాళీ కుండ పక్కన పెట్టుకుని, మళ్ళీ బావిలోకి తాడు వదిలింది. బ్యాళ్ళంటే మా పక్క మాటలో పప్పు. 'బ్యాళ్ళు గూడా ఉడకవు' అన్న మాట చెవిన పడగానే నా బుర్ర వెలగాల్సింది. తాత బుర్ర కూడా వెలగాల్సింది. కరువు సీమలో తియ్యటి నీళ్ళు ఎదురొస్తే ఎవరి బుర్రా పనిచెయ్యదు. ఇద్దరం సంబరంగా తెచ్చి బిందెలో పోసి, మూతి గట్టిగా కట్టేశాం.

జేజి తిరిగి వచ్చి బండెక్కింది. ఈసారి ముందు వైపు మొహం పెట్టి కూర్చుంది.

సాయంత్రానికి కొత్త ఊరు చేరాం. మరుసటి రోజు పొద్దున, ఇంటి ముందు తాత ఎద్దులకు గడ్డి వేసి, మొదటి వంట తిని బయల్దేరదామని కూర్చున్నాడు. జేజి మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. బిందె మూతి విప్పి, నీళ్ళు చూసి, కుండలో పోసింది. ఎసరు కాగింది. కందిపప్పు వేసింది. వేసి, మధ్యాహ్నం దాకా పనేముంది అన్నట్టు గోడకు ఆనుకుని వక్కాకు తీసింది.

ఆ వక్కాకు నమలడం పూర్తి కాకముందే పప్పు పొంగింది. నేను కుండలోకి తొంగి చూశాను. ఒక్కో పప్పు విచ్చుకుని, మల్లెమొగ్గలాగా తెరుచుకుని, నా కండ్ల ముందే కరిగిపోతోంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. ప్రపంచంలో పప్పు ఉడికినందుకు ఏడుపు వచ్చిన మొదటి పిల్లను నేనే అయి ఉంటాను. తాత వైపు చూశాను. ఆయన మొహం కూడా అప్పుడే ఉడికింది.

జేజి లేచింది. గరిటెతో నాలుగు పలుకులు తీసి, బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కింది. అక్కడ ఏమీ మిగల్లేదు. వేళ్ళ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత తాత వైపు చూసింది. ఆయన తాసిల్దారు చెవిలో ఏదో చాలా ముఖ్యమైన వస్తువు వెతుకుతున్నాడు. బండి కాడి పక్కనే ఉంది. నేను జేజి కొంగు అందుకుందామని చెయ్యి చాపి, అర్హత లేదనిపించి వెనక్కి తీసుకున్నాను.

"ఇంగా ఉడకలే," అంది జేజి. "గులకరాళ్ళ మాదిరి ఉండాయి. మన బాయి నీళ్ళు గదా."

ఇంకో రెండు కట్టెలు పొయ్యిలోకి తోసి కూర్చుంది.

నడిమధ్యాహ్నం దాకా కూర్చుంది. గడియకొకసారి లేచి, గరిటె ముంచి, నొక్కి చూసి, "ఇంగా గట్టిగానే ఉండాయి" అని అందరికీ వినపడేటట్టు చెప్పేది. కుండలో పప్పు అనే పదార్థం ఎప్పుడో మాయమైంది, పసుప్పచ్చటి నీళ్ళు తిరుగుతున్నాయి. మా నాయన ఒకసారి వచ్చి తొంగి చూసి, "ఏంటమ్మా ఇది, పూర్తిగా..." అని మొదలుపెట్టాడు. అమ్మ ఆయన కాలు తొక్కింది. ఎంత గట్టిగా తొక్కిందంటే ఆయన ఆ మాట ఈ రోజు దాకా పూర్తి చెయ్యలేదు.

చివరికి సంగటి ముద్దల మీద ఆ పప్పు పోసుకుని అందరం తాగాం. తాత మూడుసార్లు వేయించుకున్నాడు. "అక్కా, ఏం బ్యాళ్ళక్కా ఇవి, దవడ కదిలిపాయ" అన్నాడు. ఆయనకు అప్పటికి దవడలో కదలడానికి పన్ను లేదు.

ఎద్దులను కాడికి కట్టాడు. జేజి వాకిట్లోకి వచ్చింది. నేను గుమ్మం వెనక నుంచి చూస్తున్నాను. ఆమె బండి దగ్గరికి నడిచింది. తడిక మీద చెయ్యి వేసింది. "ఊరోళ్ళకు చెప్పు," అంది. "ఏనుగును సూసినా, పామును సూసినా, సముద్రం సూసినా అని చెప్పు. నేనీడ బాగుండానని చెప్పు." బండి కదిలింది. దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే మా జేజి వాకిట్లోనే ఉంది.

ఆ సాయంత్రం ఆమె చింతపండు వేసి బిందె తోముతుంటే పక్కన కూర్చున్నాను. ఆ రహస్యాన్ని ఎక్కువసేపు మోయలేకపోయాను. "జేజీ, నీకెప్పుడు తెలిసింది?" అని అడిగేశాను.

"దావలో తడి సూసినప్పుడే. బిందెడు పోస్తే ఆ ఎద్దు బతుకుతాదేమే?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఆ ముసలాయప్ప ఏనుగు సూపిస్తానన్యాడు గదా. సూడాలనిపించింది."

"అది సముద్రం కాదు జేజీ."

"నాకు తెలీదా? మన చేను మీద ఎండాకాలం రోజూ పారతాండె అది. అంత కష్టపడి సూపిస్తాంటే కాదంటే ఏం బాగుంటాది?"

బిందె తిప్పి, అడుగు తోముతూ, ఆమె ఇంకొక సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పని సంగతి. పెళ్ళై మా ఊరికి వస్తున్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఒక బిందెడు నీళ్ళు కట్టి పంపిందట. వాళ్ళ పుట్టింటి నీళ్ళు కొబ్బరి నీళ్ళలాగా ఉండేవట. పన్నెండేళ్ళ పిల్ల, అమ్మ మీద బెంగ, ఎండ. దోవ పొడుగునా ఎవరూ చూడకుండా దోసెడు దోసెడు తాగేసింది. ఊరు దగ్గర పడ్డాక భయం వేసి, ఒక వంకలో ఉన్న చవుడు నీళ్ళతో నింపేసింది. అత్తగారు ఆ నీళ్ళతో మొదటి వంట వండి, ఒక గుక్క నోట్లో పోసుకుని, ఈ పిల్ల మొహం చూసిందట.

"ఏమన్నాది జేజీ?"

"'మీ ఊరి నీళ్ళు ఎంత తియ్యగా ఉండాయే పిల్లా' అన్నాది." జేజి తోమిన బిందెను బోర్లించింది. "ఆ పొద్దే ఆ బాయి నాదనిపించింది."

నాకు ఇప్పుడు యాభై దాటాయి. ప్రతి చిన్న విషయాన్నీ ఊదరగొట్టి పెంచుతానని నాకు పేరు. అది బండి తాత పెట్టిన భిక్ష, సిగ్గుపడను. జేజి ఇచ్చింది మాత్రం ఎక్కువమందికి తెలియదు.

మొన్న ఉగాదికి మా కొత్త కోడలు మొదటిసారి ఓలిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. నేను గుడి నుంచి వచ్చేసరికి పళ్ళెంలో పేర్చి పెట్టి ఉన్నాయి, అన్నీ ఒకే గుండ్రం, ఒకే మందం. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఒకటి తీసి తిప్పి చూశాను. వెనకవైపు అంగడి పొట్లం కాగితం తాలూకు అచ్చు అక్షరాలు, కొంచెం శ్రద్ధ పెడితే వార్త మొత్తం చదువుకోవచ్చు. ఆ పిల్ల మొహంలో నాకు ఒక ఎద్దులబండి, ఒక ఎర్ర గుడ్డ కనపడ్డాయి.

"ఇన్ని చెయ్యడానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అని అడిగాను.

"పొద్దున్నుంచీ అత్తమ్మా," అంది, గొంతు వినీ వినపడకుండా.

"పట్టదా మరి," అన్నాను. అక్షరాలు అడుగు వైపుకు వచ్చేటట్టు తిప్పి పట్టుకుని, ఆమె చూస్తుండగా మొత్తం తినేసి, ఇంకొకటి అడిగాను.